డాక్టర్ సలహా: తేదీల లెక్క తరువాత, ముందు ఆ కాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 31. మావారు ఓడల్లో పనిచేస్తారు. రెండు నెలల క్రితం ఇంటికి వచ్చారు, దసరా తరువాత మళ్లీ వెళ్లాలి. ఈలోగా గర్భం రావాలని మా కోరిక. నాకు నెలసరి 35, 36 రోజులకు వస్తుంది. ఫోన్‌లోని యాప్ మాత్రం 14వ రోజు ముఖ్యమని చూపిస్తోంది. అది నమ్మవచ్చా? మూడు వారాల క్రితం సింహాచలం గిరి ప్రదక్షిణ కోసం 12 రోజులు నెలసరి వాయిదా మాత్రలు వాడాను. ఆపిన మూడో రోజున నెలసరి వచ్చింది. ఇప్పుడు వరలక్ష్మీ వ్రతం ఉంది కనుక, ఎందుకైనా మంచిదని నాలుగు రోజులుగా మళ్లీ వేసుకుంటున్నాను. ప్రదక్షిణలో నడిచినందువల్లనేమో, ఎడమ పిక్క ఇంకా నొప్పిగా, కాస్త వాపుగా ఉంది.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు చివరగా రాసిన వాక్యమే నేను మొదట పట్టించుకోవలసినది. 32 కిలోమీటర్లు నడిస్తే పిక్కలు పట్టేయడం సహజమే, కానీ ఆ నొప్పి రెండు కాళ్లలోనూ ఉంటుంది, వారం తిరగకుండా తగ్గిపోతుంది. మూడు వారాలైనా ఒక్క కాలిలోనే నొప్పి, వాపు ఉన్నాయంటే, అందులోనూ మీరు హార్మోన్ మాత్రలు వాడుతున్నారంటే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడక తప్పదు. మిమ్మల్ని పరీక్షించకుండా అదే జబ్బు అని నేను చెప్పలేను, అది కాకపోయే అవకాశమూ ఉంది. అయినా ఈ రోజే విశాఖలోని కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గానీ, దగ్గరలో సిరల్లో రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానింగ్ ఉన్న మరే ఆసుపత్రికి గానీ వెళ్లండి. అక్కడ డాక్టరు చూసేవరకు తరువాతి మాత్ర వేసుకోవద్దు. నొప్పి నూనె రాసి పిక్కను మర్దన చేయించుకోవద్దు. ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే ఆ సంగతి అక్కడి డాక్టరుకు తప్పక చెప్పాలి.

నెలసరిని వాయిదా వేయడానికి మన దగ్గర ఎక్కువగా వాడే మాత్ర నోరెథిస్టిరోన్. మామూలుగా 5 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడుసార్లు ఇస్తారు. ఇది ప్రొజెస్టిరాన్ అనే స్త్రీ హార్మోన్ తరహా మందు అయినా, శరీరంలోకి వెళ్లాక అందులో కొద్ది భాగం ఈస్ట్రోజెన్ అనే మరో స్త్రీ హార్మోన్‌గా మారుతుంది. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి అది ప్రమాదం కావచ్చు. పండుగలు, వ్రతాలు, పెళ్లిళ్ల ముందు వారాల్లో ఈ మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండా కొని, తోటికోడలు వాడిందనో పక్కింటావిడ చెప్పిందనో వేసుకుని, ఏదో ఒక ఇబ్బందితో మా దగ్గరికి వచ్చేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. మీ వ్రతాన్ని నేను కాదనడం లేదు. అయితే మీరు రాసిన లెక్క ప్రకారమే చూసినా, వ్రతం నాటికి మీకు నెలసరి వచ్చే సమయమే కాదు. అవసరమే లేని మందు వేసుకున్నారమ్మా.

అంతకంటే విచిత్రం ఏమిటంటే, మీరు కోరుకుంటున్నదానికి ఆ మాత్రే అడ్డు నిలిచి ఉండవచ్చు. నెలసరి మొదట్లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ అండాశయంలో అండం ఉండే ఒక కోశాన్ని పెంచుతుంది. ఆ కోశం నుంచి ఈస్ట్రోజెన్ పెరిగి ఒక స్థాయికి చేరగానే అదే గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ ఒక్కసారిగా ఎగసి, సుమారు 36 గంటల్లో అండం విడుదలవుతుంది. మిగిలిన కోశం ప్రొజెస్టిరాన్‌ను ఇస్తుంది. గర్భం రాకపోతే ఆ ప్రొజెస్టిరాన్ దాదాపు 14 రోజులకు పడిపోయి నెలసరి వస్తుంది. అంటే 14 రోజులను వచ్చే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలి. 28 రోజులకు వచ్చేవారికి యాప్ లెక్క సరిపోతుంది కానీ, 36 రోజులకు వచ్చే మీకు అండం సుమారు 22వ రోజున విడుదల కావాలి. మీరు రాసినదాన్ని బట్టి 14, 15 రోజులకే మాత్ర మొదలుపెట్టారు. ఆ మోతాదులో అది ఎల్‌హెచ్ ఎగయడాన్నే ఆపేసి, ఈ నెల అండం విడుదల కాకుండా చేసి ఉండవచ్చు. పైగా మాత్ర ఆపాక వచ్చే రక్తస్రావం మందు ఆగినందువల్ల వచ్చినదే గనుక, దాన్ని మొదటి రోజుగా పెట్టుకుని యాప్‌లో వేసే లెక్క నమ్మదగినది కాదు. గర్భం వచ్చినా నెలసరి ఆలస్యాన్ని మాత్ర ఖాతాలో వేసి ఊరుకునే ప్రమాదం ఒకటి ఉండనే ఉంది. కాబట్టి ఆసుపత్రికి వెళ్లినప్పుడు గర్భ పరీక్ష కూడా చేయించుకోండి.

కాలి సంగతి తేలాక, మాత్రలేవీ లేకుండా సహజంగా వచ్చిన నెలసరిని మొదటి రోజుగా తీసుకోండి. వీర్యకణాలు 5 రోజుల వరకు బతుకుతాయి, అండం ఒక్క రోజుకు మించి నిలవదు. అందువల్ల 17వ రోజు నుంచి 23వ రోజు వరకు రోజు విడిచి రోజు కలవడం చాలు. రక్తం గడ్డ తేలి మందులు మొదలుపెడితే మాత్రం, గర్భం కోసం ఎప్పుడు ప్రయత్నించాలో ఆ డాక్టరును అడగకుండా నిర్ణయించుకోవద్దు. నెలసరి 35 రోజులు దాటుతున్నందున గైనకాలజిస్టు సలహాపై థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు, అండాశయాల స్కానింగ్ చేయించుకోవడం మంచిది. మీవారు ఇంటి దగ్గర ఉన్నప్పుడే ఆయన వీర్య పరీక్ష కూడా పూర్తి చేయించండి. ఓడ ఎక్కాక మళ్లీ నెలల తరబడి ఆగవలసి వస్తుంది.