కారు కీచుమంటే బెల్టు మార్చేయాలా?

కొత్తగా అమెరికా వచ్చిన మన గోదావరి జిల్లాల పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఇది. వచ్చిన కొన్నాళ్ళకి పాత కామ్రీయో, కరోలాయో కొంటారు. చలి మొదలవగానే పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద కీచుమని అరుపు, అపార్ట్‌మెంట్ అంతా లేచిపోతుంది. భీమవరం ఫోన్ చేస్తే నాన్నగారు “బెల్టు మీద కాస్త సబ్బు రుద్దరా, ఆగిపోద్ది” అంటారు. చెరువు గట్టు మీద డీజిల్ ఇంజనుకి ఆ వైద్యం సరిపోయిందేమో గానీ, మీ కారుకి మాత్రం చెయ్యకండి. ఇక్కడి షాపుల్లో అమ్మే బెల్టు స్ప్రే కూడా అంతే. నాలుగు రోజులు నోరు మూయిస్తుంది, ఆ జిగురుకి దుమ్ము పడుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ఎందుకంటే చాలాసార్లు తప్పు బెల్టుది కాదు. పాత రైసు మిల్లులో ఒక్క ఇంజను బెల్టుల మీద మిల్లంతా తిప్పినట్టే, కారులో గాడులున్న ఒక పొడుగాటి బెల్టు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ని, ఏసీ కంప్రెసర్ని తిప్పుతుంది. చాలా కార్లలో ఇంజనుని చల్లబరిచే వాటర్ పంపుని, పాతవాటిలో పవర్ స్టీరింగ్ పంపుని కూడా అదే తిప్పుతుంది. దాన్ని బిగువుగా ఉంచేది టెన్షనర్ అనే స్ప్రింగు కప్పీ. వీటిలో ఏది మొరాయించినా అరిచేది బెల్టే.

ముందు ఎప్పుడు అరుస్తోందో వినండి. మంచు కురిసిన పొద్దున్న కాసేపు అరిచి ఊరుకుంటే అది తడి వల్ల, కంగారు పడక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు అమలాపురంలో పాత జీపులూ అలాగే అరిచేవి. ఏసీ, హెడ్‌లైట్లు వేసినప్పుడో, పాత కారైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో “కీ...” మని సాగితే బెల్టు జారుతోందన్నమాట. పిచ్చుకలా కిచ్‌కిచ్‌మంటూ ఇంజను వేగంతో పాటు పెరిగితే కప్పీలు ఒక వరసలో లేవని అనుమానించాలి. గరగరమంటే బేరింగు పోయింది.

అనుమానం తీరకపోతే నీళ్ళ పరీక్ష ఉంది. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో మంచినీళ్ళు చాలు. బయట కారు ఆపి, గేరు పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆన్‌లోనే ఉంచి బానెట్ ఎత్తండి. చున్నీ, మెడలో ఆఫీసు బ్యాడ్జి, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు ఏవీ ఉండకూడదు. చెయ్యి దూరంగా ఉంచి బెల్టు గాడులున్న వైపు కొద్దిగా చిమ్మండి. అరుపు ఆగి, తడి ఆరగానే మళ్ళీ మొదలైతే వరస తప్పింది. తడి తగిలిన కొద్దీ ఇంకా గట్టిగా అరిస్తే జారుతోంది, అంటే టెన్షనర్ నీరసించింది లేదా బెల్టు అరిగింది. ఏ తేడా లేకపోతే కప్పీల బేరింగుల వైపు చూడాలి. అది తేల్చాలంటే బెల్టు తీసి ఒక్కో కప్పీని చేత్తో తిప్పి చూడాలి. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

బెల్టుని కళ్ళతో చూడాలంటే ఇంజను ఆపి, చల్లారాక చూడండి. ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, జాగ్రత్త. పగుళ్ళు లేవు కదా అని ధీమా పడకండి. పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులు పగిలేవి, ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పగలకుండానే గాడుల్లో అరిగిపోతాయి. కారుని బట్టి 60,000 నుంచి 1,00,000 మైళ్ళ దాకా వస్తాయి, మీ కారు లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. బెల్టు మీద ఆయిలో, కూలంటో కనిపిస్తే ముందు ఆ లీకు కట్టించాలి. లేకపోతే కొత్త బెల్టూ అదే గతి పడుతుంది.

అన్నట్టు, 2010 తర్వాత వచ్చిన ప్రియస్ హైబ్రిడ్ కారు కొన్నవాళ్ళకి ఈ బాధ లేదు. దానికి ఈ బెల్టే లేదు.

షాపులో ఎవరైనా “టైమింగ్ బెల్టు మార్చాలి” అంటే ఒక్క క్షణం ఆగండి. అది ఇంజను పక్కన మూత లోపల ఉండే వేరే బెల్టు, ఖర్చు చాలా ఎక్కువ, పైగా చాలా కార్లలో దాని బదులు గొలుసే ఉంటుంది. “అరిచేది బయట బెల్టు కదండీ, టెన్షనర్, ఐడ్లర్ కప్పీ చూశారా?” అని అడగండి. ఐడ్లర్ అంటే బెల్టుకి దారి చూపే ఉత్త కప్పీ. తీసిన బెల్టు చూపించమనడానికి మొహమాటపడకండి. కొత్త బెల్టు వేశాక వారానికే మళ్ళీ అరిస్తే ఇంకో బెల్టుకి డబ్బు కట్టకండి, టెన్షనర్ చూడమనండి.

దారిలో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, పాత కారైతే స్టీరింగ్ కూడా బరువెక్కి, టెంపరేచర్ ముల్లు పైకి పోతోందంటే బెల్టు తెగినట్టే. ఎగ్జిట్ దాకా లాక్కెళ్దామనుకోకండి. వాటర్ పంపు ఆ బెల్టు మీదే నడిచే కారైతే నిమిషాల్లో ఇంజను కాలిపోతుంది. షోల్డర్ మీద, అంటే రోడ్డు అంచున ఆపి, ఇంజను కట్టేసి, టో బండికి ఫోన్ చెయ్యండి. ఆ ఖర్చు మీ ఇన్సూరెన్సులో వస్తుందో లేదో ఈ రాత్రే యాప్‌లో చూసుకోండి.