మీరడిగారు, మేం చెప్పాం: స్టార్‌కి అడిగినంత ఇస్తే టీమ్ మునుగుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఫుట్‌బాల్ మీదే ఉన్నాయి, అదీ అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్, కాలితో కన్నా చేత్తో ఎక్కువ ఆడేది. డాలస్ చుట్టుపక్కల మనోళ్ళు అంతమంది ఉన్నాక ఇది ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందేలెండి.

ప్రశ్న: అన్నా, మేం ఫ్రిస్కోలో ఉంటాం, డాలస్ టీమ్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ‘ది స్టార్’ మా ఇంటికి పది నిమిషాలు. అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి) పడగొట్టే డిఫెండర్ మైకా పార్సన్స్ లాంటోణ్ణి ఎందుకు వదులుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు. మా ఆఫీసులో ఒకడు పార్సన్స్‌ది డబ్బాశ అంటాడు, ఇంకొకడు ఓనర్ జెర్రీ జోన్స్ పీనాసి అంటాడు. ఎవరిది కరెక్టు? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఇద్దరిదీ కాదు తమ్ముడూ. పీనాసి అయితే 2024లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 4 ఏళ్లకి 240 మిలియన్ డాలర్లు ఎందుకిస్తాడు, అంటే ఏడాదికి 60, అదీ సీజన్ మొదటి మ్యాచ్ ఉన్న రోజే సంతకం. దానికి రెండు వారాల ముందు బంతి పట్టే రిసీవర్ సీడీ ల్యాంబ్‌కి కూడా 4 ఏళ్లకి 136 మిలియన్లు, అతనూ సీజన్ ముందు ప్రాక్టీస్ క్యాంప్ మొత్తం ఎగ్గొట్టి కూర్చున్నాకే. ఆయన జబ్బు పీనాసితనం కాదు, నాన్చుడు.

పార్సన్స్ విషయంలో ఆ నాన్చుడు ఎంతకి తెచ్చిందో చూడు. 2023 సెప్టెంబర్లో ఇదే పొజిషన్లో ఆడే నిక్ బోసా రేటు ఏడాదికి 34 మిలియన్లు, అప్పటికి అదే టాప్. 2025 మార్చి వచ్చేసరికి మ్యాక్స్ క్రాస్బీ 35.5 తీసుకున్నాడు, అదే నెలలో మైల్స్ గ్యారెట్ 40, జూలైలో టీజే వాట్ 41. పక్క సైటు రిజిస్ట్రేషన్ అయిపోయాక మన సైటుకి పాత రేటు చెప్తే ఎవడన్నా అమ్ముతాడా? జెర్రీ ఏమో మార్చిలో పార్సన్స్‌తో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేసుకున్నాం, ఇక అయిపోయినట్టే అన్నాడు, ఏజెంట్ లేకుండా. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు లేకుండా కట్నం మాట్లాడుకున్నట్టు. ఆగస్టు 1న పార్సన్స్ నన్ను ట్రేడ్ చేసేయండని, అంటే వేరే టీమ్‌కి ఇచ్చేయండని, బహిరంగంగా అడిగాడు, 28న గ్రీన్ బే ప్యాకర్స్ తీసుకుపోయారు, బదులుగా కౌబాయ్స్‌కి రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలు), కెన్నీ క్లార్క్ అనే డిఫెన్స్ ప్లేయర్ వచ్చారు. ప్యాకర్స్ ఇచ్చింది 4 ఏళ్లకి 188 మిలియన్లు, మన రూపాయల్లో సుమారు 1,650 కోట్లు. ఏడాదికి 47 అన్నమాట, క్వార్టర్‌బ్యాక్‌లు కాని వాళ్ళలో అప్పటిదాకా ఎవరికీ అంత రాలేదు.

ఇప్పుడు టీమ్ వైపు లెక్క కూడా చెప్పాలి కదా. 2025లో ఒక్కో టీమ్ జీతాలకి పెట్టుకోగలిగిన పరిమితి, శాలరీ క్యాప్ అంటారు, 279.2 మిలియన్లు. అందులోనే 53 మంది రోస్టర్ నడవాలి. ప్రెస్కాట్ 60, ల్యాంబ్ 34, పార్సన్స్‌కి 47 ఇచ్చి ఉంటే మొత్తం 141, అంటే ముగ్గురికే సగం. ఇది సగటు లెక్క, ఏ ఏడాదికి ఎంత పడుతుందనేది వేరే, దాని సంగతి కింద చెప్తా. కానీ సగం పోతుందని భయపడ్డ వాళ్ళని పూర్తిగా తప్పు పట్టలేం.

నా మాటేంటంటే ఆ భయం 2024లోనే ఉండాల్సింది. కౌబాయ్స్ ఉన్న డివిజన్లోనే, అంటే అదే గ్రూపులో, ఫిలడెల్ఫియా ఈగల్స్ ఉన్నారు చూడు, వాళ్ళు తమ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కి 2023 ఏప్రిల్లోనే 255 మిలియన్లకి సంతకం చేయించారు, 2024 ఏప్రిల్లో రిసీవర్లు డెవాంటా స్మిత్, ఏజే బ్రౌన్ ఇద్దరివీ తేల్చేశారు, ఎవరూ అలగకముందే, రేటు ఎక్కకముందే. 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ చీఫ్స్‌ని 40-22తో కొట్టి సూపర్ బౌల్, అంటే ఫైనల్ కప్పు, ఎత్తుకుపోయారు. కౌబాయ్స్ చివరిసారి ఆ కప్పు గెలిచింది 1996 జనవరిలో. నువ్వు అప్పటికి స్కూల్లో ఉండుంటావ్.

ప్రశ్న: సంతకం చేశాక మాట మీద నిలబడాలి కదా సార్? కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉండగానే పెంచమని పేచీ పెట్టడమేంటి, మనం ఉద్యోగంలో అలా చేస్తే ఊరుకుంటారా? (వరంగల్)

జవాబు: న్యాయంగానే అనిపిస్తుంది, కానీ ఆ సంతకం రెండు వైపులా ఒకేలా కట్టెయ్యదు. గ్యారంటీ లేని డబ్బు ఎంతున్నా టీమ్‌కి అవసరం లేదనుకున్న రోజు ప్లేయర్ని తీసేసి ఆ మిగతాది ఎగ్గొట్టొచ్చు, రూల్స్‌లోనే ఉంది. అందుకే పేపర్లో వచ్చే పెద్ద అంకె చూసి మోసపోకండి, వాళ్ళు కొట్లాడేది గ్యారంటీ భాగం మీద. పార్సన్స్ 188లో సంతకం నాడే గట్టి అయింది 120.

పైగా క్యాంప్‌కి రాకపోతే రోజుకి 50,000 డాలర్ల దాకా ఫైన్. కాబట్టి ఊరికే ఎవడూ అలగడు. 2018లో పిట్స్‌బర్గ్‌లో లేవియన్ బెల్ ఏడాదికి 14.5 మిలియన్లు ఇస్తామన్నా లాంగ్ టర్మ్ గ్యారంటీ లేదని సీజన్ మొత్తం ఆడలేదు, తర్వాత వేరే టీమ్‌కి పోయాడు గానీ పాత ఆట మళ్ళీ కనపడలేదు. అలిగితే అందరికీ కలిసిరాదు.

ఇంకోటి చూడండి, పార్సన్స్‌కి 2025 డిసెంబర్లో డెన్వర్‌తో ఆడుతుంటే మోకాలి లిగమెంట్ తెగింది. చూశారా జెర్రీ ముందుచూపు అని కొందరు అన్నారు. నాకైతే ఉల్టా అనిపించింది, ఒక్క అడుగు తేడా పడితే ఏడాది ఆట పోయే ఉద్యోగంలో గ్యారంటీ అడక్క ఇంకేం అడుగుతాడు?

ప్రశ్న: ఇది మన ఐపీఎల్ పర్సు లాంటిదేనా? (విజయవాడ)

జవాబు: చుట్టమే. 2025 సీజన్‌కి ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్లు. మన సన్‌రైజర్స్ అయిదుగురిని ఉంచుకోడానికే 75 కోట్లు పెట్టేశారు, క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. మిగిలిన 45తో బౌలింగ్, బెంచ్ అన్నీ సర్దుకోవాల్సొచ్చింది, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు.

తేడా ఏంటంటే అక్కడ అమెరికాలో లెక్కలు వాయిదా వేసుకోవచ్చు. 50 మిలియన్లు సైనింగ్ బోనస్ కింద ఒకేసారి చేతిలో పెడతారు, క్యాప్ పుస్తకంలో మాత్రం ఏడాదికి 10 చొప్పున 5 ఏళ్ళు రాసుకుంటారు. అందుకే 60 మిలియన్ల మనిషి ఒక్కో ఏడాది క్యాప్‌లో చాలా తక్కువకే కనిపిస్తాడు. బంగారం తాకట్టు పెట్టి పెళ్ళి చేసినట్టే, పెళ్ళి ఘనంగానే జరుగుతుంది. ఆ మనిషిని మధ్యలో వదిలించుకుంటేనే మిగిలినదంతా ఒకటి రెండేళ్ళలోనే నెత్తిన పడుతుంది, దాన్ని డెడ్ మనీ అంటారు. డెన్వర్ వాళ్ళు 2024లో తమ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని తీసేసినందుకు రెండేళ్ళలో 85 మిలియన్లు అలా మోశారు. విచిత్రం, అంత బరువు మోస్తూనే బో నిక్స్ అనే కొత్త కుర్రాడితో అదే ఏడాది ప్లేఆఫ్స్‌కి పోయారు. కొత్త వాడికి మొదటి 4 ఏళ్ళు జీతం తక్కువ కదా, ఆ కిటుకు.

ప్రశ్న: అయితే స్టార్‌ని అమ్మేసుకోవడమే మంచిదా? (హైదరాబాద్)

జవాబు: ఎవర్ని అన్నదే అసలు ప్రశ్న. 2022 మార్చిలో చీఫ్స్ తమ మెరుపు రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామీకి ఇచ్చేసి 5 పిక్స్ తీసుకున్నారు, అందరూ పిచ్చోళ్ళన్నారు, ఆ తర్వాత వరసగా రెండు సూపర్ బౌల్స్ గెలిచారు. అదే చీఫ్స్ డిఫెన్స్‌లో క్రిస్ జోన్స్ అలిగి 2023 మొదటి మ్యాచ్‌కి రాకపోతే డెట్రాయిట్ చేతిలో ఒక్క పాయింట్‌తో ఓడి, తర్వాత సర్దుబాటు చేసుకుని, 2024లో అతనికి భారీ కాంట్రాక్టే ఇచ్చారు. దొరికే రకం ఎవరు, దొరకని రకం ఎవరు అని వాళ్ళకి తెలుసు. రిసీవర్లు డ్రాఫ్ట్‌లో ఏటా వస్తారు, క్వార్టర్‌బ్యాక్‌ని మింగేసే డిఫెండర్లు రారు. ఆ లెక్కన డాలస్ అమ్మింది తప్పు సరుకు అని నా అభిప్రాయం, ఫ్రిస్కో తమ్ముడు ఏమంటాడో మరి.

ప్రశ్న: ఇవన్నీ సరే, మెస్సీ జీతం సగం తగ్గించుకుంటానన్నా బార్సిలోనా ఎందుకు ఉంచుకోలేదు? (రాజమండ్రి)

జవాబు: ఉంచుకోలేకపోయింది. 2021 ఆగస్టులో క్లబ్ అధ్యక్షుడు లపోర్తా స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం అప్పు 135 కోట్ల యూరోలు, జీతాలే ఆదాయంలో 103 శాతం. స్పెయిన్ లీగ్ నిబంధనల్లో ఆ లెక్కతో కొత్త కాంట్రాక్టు రిజిస్టర్ అవ్వదు. మెస్సీ తగ్గించుకున్నా మిగతా వాళ్ళకి ఇష్టమొచ్చినట్టు ఇచ్చిన పాత కాంట్రాక్టులు అలాగే ఉన్నాయి కదా, ఆ పాపం అతని ఒక్కడిదీ కాదు.

ప్రశ్న: ఇంతకీ మీరు ఏ టీమ్? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: 2025 సెప్టెంబర్ 28 దాకా ఏదీ లేదండి. ఆ రోజు పార్సన్స్ పాత ఊరికి వచ్చి ఆడితే మ్యాచ్ 40-40 టై అయింది. టై అవుతుందని కూడా నాకు తెలీదు, తెల్లారి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నా.