ఆ పిల్లికూన ఎంటీఎం వాళ్లది, మీ వీడియోలో లోపం లేదు

‘సెయింట్ ఎల్స్‌వేర్’ అనే అమెరికన్ ఆసుపత్రి సీరియల్ ఆఖరి ఎపిసోడ్ చివర పిల్లి మ్యావ్ అనడం లేదు, కాపీ పాడైందా అని అడిగారు కదా. పాడవలేదండీ, నిశ్చింతగా ఉండండి. ఆ పిల్లి ఈ సీరియల్ తీసిన ఎంటీఎం ఎంటర్‌ప్రైజెస్ లోగో. 1969లో నటి మేరీ టైలర్ మూర్, ఆమె భర్త గ్రాంట్ టింకర్ పెట్టిన కంపెనీ. సినిమా కంపెనీ ఎంజీఎం లోగోలో సింహం గర్జిస్తుంది కదా, వీళ్లు ఆ సింహానికి బదులు మ్యావ్ అనే మిమ్సీ అన్న పిల్లికూనను పెట్టుకున్నారు. ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ అనే పోలీసు సీరియల్‌కి దానికి పోలీసు టోపీ పెట్టారు, ఈ ఆసుపత్రి సీరియల్‌కి డాక్టర్ల మాస్కు కట్టారు. 1988లో సీరియల్ ముగిసినప్పుడు మాత్రం, పేర్లు పడుతున్నంతసేపూ మిమ్సీ సెలైన్ పెట్టించుకుని పడుకుని ఉంటుంది. పక్కనే గుండె మానిటర్ బీప్ బీప్ అంటుంది. చివరికి మానిటర్ మీద గీత ఎగుడుదిగుడు లేకుండా తిన్నగా సాగిపోయి, ఒకటే మోత. మీకు వినిపించింది అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి, నాకైతే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.