విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందం చేసుకుంటే మన పిల్లల సర్జరీ నిజంగా బాగుపడుతుందా?

మీరు హౌస్ సర్జన్ అని, మీ కాలేజీకి విదేశీ బృందం రాబోతోందని రాశారు. "ఇదంతా ఫొటోల కోసమేనా?" అని అడిగారు. నేను తిరుపతిలో పిల్లల సర్జరీ వార్డులో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. అలాంటి బృందాలను మూడింటిని చూశాను. రెండు ఫొటోలకే. మూడోది వేరు.

మొదటి బృందం వారం రోజులుంది. మలద్వారం లేకుండా పుట్టిన పిల్లలకు వరసగా ఆపరేషన్లు చేశారు. చేతులు బంగారం, అందులో అనుమానం లేదు. శనివారం కొండకెళ్లి దర్శనం చేసుకుని విమానం ఎక్కేశారు. సోమవారం నుంచి జ్వరాలు, ఒకరిద్దరికి కుట్లు విడిపోవడం. అవన్నీ మా నెత్తిన. మలం బయటికి పోవడానికి పొట్ట మీద పెట్టిన దారికి తగిలించే బ్యాగులు వాళ్లు తెచ్చినవి పది రోజులకే అయిపోయాయి. పలమనేరు నుంచి వచ్చిన ఒక తల్లి, "సిస్టరమ్మా, ఇవి మళ్లీ యాడ దొరుకుతాయి?" అంటే నా దగ్గర జవాబు లేదు. ఆమే పాత నూలు చీర చింపి, మడతలు పెట్టి, నడుముకు పట్టీలాగా కట్టింది బిడ్డకు. ఆ బిడ్డ చర్మం మిగతా పిల్లలకంటే శుభ్రంగా ఉండేది.

మలద్వారం లేని ఈ లోపానికి ఇప్పుడు చేసే పెద్ద ఆపరేషన్ పద్ధతిని ఆల్బెర్టో పెన్యా 1980లో మెక్సికో సిటీలో మొదలుపెట్టారు. అంటే విద్య ఎప్పుడూ ధనిక దేశం నుంచే రావాలని లేదు.

2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, మీరు తప్పక చదవండి. 74 దేశాలు, 264 ఆసుపత్రులు. పుట్టుకతో పేగులు, అన్నవాహిక వంటి లోపాలున్న పిల్లల్లో మరణాలు పేద దేశాల్లో సుమారు 40 శాతం, మనలాంటి మధ్యాదాయ దేశాల్లో 20, ధనిక దేశాల్లో 6 కంటే తక్కువ. పేగులు బయటికి వచ్చి పుట్టే గ్యాస్ట్రోస్కైసిస్‌లో అయితే 90, 32, 1.4. ఇంత తేడా సర్జన్ చేతిలో ఉండదండీ. మదనపల్లె వైపు నుంచి భాకరాపేట ఘాట్ దిగి వచ్చేసరికి బిడ్డ ఒళ్లు మంచులా ఉంటుంది, అక్కడుంది. ఆపరేషన్ తర్వాత రాత్రి రెండు గంటలకు సెలైన్ ఎంత పోతోందో చూసే మనిషి ఉందా లేదా, అక్కడుంది.

మూడో బృందంలో సర్జన్ ఒక్కరే. మిగతావాళ్లు ఒక మత్తు డాక్టరు, ఇద్దరు నర్సులు. రెండు వారాల్లో వాళ్లు సొంతంగా ఒక్క ఆపరేషనూ చేయలేదు, మా డాక్టర్ల పక్కన నిలబడ్డారు. మొదట్లో మాకు చిరాకేసింది, ఇంత దూరం వచ్చి చూస్తూ కూర్చోవడమేంటని. బిడ్డ బరువును బట్టి సెలైన్ లెక్క, ఆపరేషన్ అయ్యాక గంట గంటకూ ఏం రాయాలి, పంపించే ఆసుపత్రి వాళ్లు బిడ్డకు దూది చుట్టి, టోపీ తొడిగి, ముక్కులో ట్యూబు పెట్టి పంపేలా ఒక చిన్న కాగితం, ఇవే వాళ్లు మాతో కూర్చుని తయారుచేసినవి. తర్వాత రెండేళ్లు ప్రతి గురువారం సాయంత్రం వీడియో కాల్. నెట్ తెగిపోయేది, నవ్వుకునేవాళ్లం, మళ్లీ కలిపేవాళ్లం. పలమనేరు తల్లి గుడ్డ కట్టే తీరు చెప్తే ఒక నర్సు దాన్ని బొమ్మ గీసుకుని తీసుకెళ్లింది.

ఇంకో మాట. మొదటి బృందం మా కేస్ షీట్లన్నీ ఫొటోలు తీసుకెళ్లి పరిశోధన పేపర్ రాసుకుంది, మా సార్ పేరు ఎక్కడో మధ్యలో ఉంది. కాబట్టి సంతకాలకు ముందే రచయితల పేర్ల సంగతి అడగండి, మొహమాటం వద్దు. పిల్లల సర్జరీ కోసం పెట్టిన అంతర్జాతీయ వేదిక గిక్స్ 2018 సమావేశం జరిగింది ఎక్కడో కాదు, మన చిత్తూరు పక్కనున్న వేలూరులోనే. అంటే మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేవాళ్లూ ఉన్నారు.

మీ కాలేజీకి వచ్చేవాళ్లను ఒక్కటి అడిగి చూడండి: ఈ బిడ్డకు ఇంటి దగ్గర రోజూ డైలేటర్ (కొత్త మలద్వారం బిగుసుకుపోకుండా పెట్టే కడ్డీ) పెట్టాలి, పొట్ట మీది దారి మూసే ఆపరేషన్ కొన్ని నెలల తర్వాత, అప్పటిదాకా తల్లి ఫోన్ ఎత్తేది ఎవరు? దానికి వాళ్ల దగ్గర ఒక మనిషి పేరు ఉంటే సంతకం పెట్టించండి.