‘అంతా మీరే మాట్లాడారు’ అన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ కాలేజీలో ఆరేళ్ళు ఫిజిక్స్ చెప్పి, ఈ ఏడాదే హైదరాబాద్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాను. తొమ్మిది, పది తరగతులకు కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) ఫిజిక్స్ చెబుతున్నాను. మొన్న క్లాసు చూడటానికి వచ్చిన కోఆర్డినేటర్ మేడం, ‘నలభై నిమిషాల్లో ముప్ఫై అయిదు మీరే మాట్లాడారు’ అన్నారు. మాట్లాడకుండా పాఠం ఎలా చెప్పాలి? పిల్లలు లెక్కలు బాగానే చేస్తారు, ప్రాక్టికల్ ప్రశ్నల్లోనే మార్కులు పోతున్నాయి. మా దగ్గర రాయించేది ల్యాబ్ పరీక్షకు బదులు కాగితం మీద రాసే పేపర్ 6 కాబట్టి ల్యాబ్ మీద టైం పెట్టొద్దని తోటి టీచర్లు అంటున్నారు. సిలబస్ అవ్వదేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక ఫిజిక్స్ టీచరు, మియాపూర్

జవాబు: మీకు పాఠం చెప్పడం రాదని కాదండీ ఆవిడ అన్నది. బోర్డు నింపుతూ గొంతు పోయేదాకా చెప్పడం మీకు అలవాటైన పద్ధతి, అక్కడి పరీక్షకు అది పనికొచ్చింది. ఇక్కడ పరీక్ష అడిగేది వేరు. నేనూ అటు నుంచి ఇటు వచ్చినవాణ్ణే, మొదటి ఏడాదంతా ప్రశ్న అడగడం, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు కూడా నేనే చెప్పేయడం, ఇదే పని.

ముందు పేపర్ 6 సంగతి. ‘ఆల్టర్నేటివ్ టు ప్రాక్టికల్’ అని దాని పేరు, గంటసేపు, 40 మార్కులు, మొత్తంలో 20 శాతం. ల్యాబ్‌లో చేయించే పేపర్ 5 బదులు ఇది రాయించవచ్చు, నిజమే. కానీ అది ల్యాబ్ పరీక్షకు బదులు, ప్రయోగాలకు బదులు కాదు! అందులో వచ్చే ప్రశ్నల్లో చాలావరకు చేత్తో చేసినవాడికి తట్టేవే.

లోలకమే తీసుకోండి. ఐజీసీఎస్ఈ ఫిజిక్స్ (కోడ్ 0625) సిలబస్‌లో మొదట్లోనే ఉంటుంది. ‘ఒక్క ఊపు కాకుండా 20 ఊపుల టైం ఎందుకు తీస్తాం?’ అని అడిగితే బట్టీ పట్టిన పిల్లవాడు ‘అక్యురసీ కోసం’ అని రాసి ఊరుకుంటాడు, అంతటితో ఆపితే మార్కు కష్టం. అదే వాడి చేతికి ఒక దారం, ఒక నట్టు, ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి చూడండి. పాతిక సెంటీమీటర్ల దారానికి ఒక ఊపు, అంటే అటు వెళ్ళి మళ్ళీ ఇటు రావడం, సుమారు ఒక సెకను. బటన్ నొక్కడంలో ఓ 0.2 సెకన్లు అటూ ఇటూ అయితే ఆ ఒక్క ఊపులో అయిదో వంతు తప్పు. 20 ఊపులు కొలిస్తే అదే 0.2 సెకన్లు 20 సెకన్లలో నూటికి ఒకటి. ఈ మాట మీరు చెప్పొద్దు. ఒక్కో ఊపు కొలిచిన పిల్లలకు 0.8, 1.2, 0.9 అని వస్తుంటే 20 ఊపులు కొలిచిన పక్క గ్రూపు లెక్కలు చూసి వాళ్ళే అడుగుతారు, మాకెందుకిలా వస్తోంది సార్ అని. తర్వాత దారం మీటరు చేయమనండి. పొడవు నాలుగు రెట్లయింది కదా అని టైం కూడా నాలుగు రెట్లు అనుకుంటారు, వచ్చేది రెండు సెకన్లే. ఆ క్షణం మీరు గమ్మున ఉండాలి, మనలాంటి వాళ్ళకి అదే అన్నిటికన్నా కష్టం. పొడవు నట్టు మధ్య దాకా కొలవాలా, పైదాకానా అనే గొడవ ఎలాగూ వస్తుంది, రానివ్వండి.

థియరీలో మార్కులు పోయేది ప్రశ్నలోని మొదటి మాట దగ్గర. ‘స్టేట్’ అంటే క్లుప్తంగా చెబితే చాలు, ‘ఎక్స్‌ప్లెయిన్’ అంటే కారణం కావాలి. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యమంటే ‘ఆవిరవడం వల్ల’ అని ఆపేస్తారు. ఎక్కువ శక్తి ఉన్న అణువులు పైకి పోతాయి, మిగిలినవాటి సగటు శక్తి తగ్గుతుంది, అందుకని ఉష్ణోగ్రత తగ్గుతుంది అని మెట్టుమెట్టుగా రావాలి. ఒకడి జవాబు ఇంకొకడితో దిద్దించండి, లోపం వాళ్ళకే కనపడుతుంది.

సిలబస్‌కి టైం ఎక్కడిదంటారా? నోట్స్ చెప్పి రాయించడం మానేయండి, అక్కడే వారానికి ఒక పీరియడ్ మిగులుతుంది. నిర్వచనాలు ముందురోజు ఇంట్లో చదువుకు రమ్మనండి.

లోలకం క్లాసు పెట్టిన రోజున కోఆర్డినేటర్ మేడంని మీరే పిలవండి. పది నట్లు, ఒక దారం ఉండ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.