లాన్సెట్ పేజీ నుంచి సిరోంచ గడప దాకా

జర్నల్లో అచ్చయిన పరిశోధన పల్లెలోని బాలింతకు ఎలా చేరుతుందన్నది ప్రశ్న. తెలంగాణ సరిహద్దులోని సిరోంచ ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ అక్కడి 39 ఊళ్లలో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించింది. ఆ సేవ లేని ఊళ్లతో పోలిస్తే మూడో ఏడాదికి నవజాత మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

2011లో ఈ ఇంటి దగ్గర సంరక్షణ దేశమంతటా ఆశా కార్యకర్తల (ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తల) పనిలో చేరింది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. అంతా యథాతథంగా రాలేదు లెండి: ప్రయోగంలో గ్రామ కార్యకర్తే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేసేది, ఇప్పుడు ఆశా ఏఎన్ఎం (ప్రభుత్వ నర్సు) దగ్గరికో ఆసుపత్రికో పంపాలి.

ఇంటికి వచ్చినప్పుడు ఆశా చూసేవాటిలో బిడ్డ ఊపిరి లెక్క ఒకటి; అందులో తప్పు జరగవచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున నిండు నిమిషం లెక్కించాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే కుదరదు; పసికందు శ్వాస ఒకే తీరున నడవదు. 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కించాలి. రెండోసారీ అంతే ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.

సరిహద్దులో ఇంకో చిక్కు. గోదావరి దాటి తెలంగాణలోని పుట్టింటికి వెళ్లిన బాలింత ఇక్కడి ఆశా కంటికి కనపడదు, అక్కడి జాబితాలో ఇంకా ఎక్కదు. అందుకే కాన్పుకు ముందే పుట్టింటి ఊరి ఆశా ఫోన్ నంబరు తీసుకోండి. డిశ్చార్జి కాగితం, పుట్టినప్పటి బరువు ఆమెకు చూపించండి.