రాడ్‌బర్న్ గెలుపులు యాభై తొమ్మిదా, అరవయ్యా?

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. పందొమ్మిదో శతాబ్దపు బేస్‌బాల్ గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. పట్టికలు శ్రద్ధగా వేశావు. అందులో ప్రావిడెన్స్ పిచర్ (బంతి విసిరేవాడు) రాడ్‌బర్న్ 1884 గెలుపుల లెక్క దగ్గరికి చివర్లో వస్తాను. అయితే 1876లో బోస్టన్ ఆటగాడు జాక్ మానింగ్ 5 సేవ్‌లతో (సేవ్ అంటే మధ్యలో దిగి జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచర్‌కి రాసే లెక్క) లీగ్‌లో మొదట నిలిచాడని రాసి వదిలేశావు. సేవ్ అధికారిక లెక్కల్లోకి వచ్చింది 1969లో. ఆ అయిదూ పాత స్కోర్లు తిరగేసి తర్వాతివాళ్లు కట్టిన లెక్క. అలాంటి అంకె తన పేరు మీద ఉందని మానింగ్‌కే తెలీదు. పాఠకుడికి ముందు ఇది చెప్పు.

అంకె ముట్టుకునే ముందు ఆనాటి రూల్ చూడు. 1891 దాకా బయట కూర్చున్న ఆటగాణ్ణి ఇష్టమొచ్చినప్పుడు దించే వీల్లేదు. క్రికెట్‌లో కొత్త బౌలర్ మైదానంలో ఉన్న పదకొండు మందిలోంచే వచ్చినట్టు, పిచర్‌ని మార్చాలన్నా ఆడుతున్న తొమ్మిది మందిలోంచే మార్చాలి. అందుకే రెండో పిచర్‌ని తరచూ రైట్ ఫీల్డ్‌లో (మైదానంలో కుడివైపు దూరపు చోటు) నిలబెట్టేవాళ్లు. 1879లో సిన్సినాటి పిచర్ విల్ వైట్ తాను మొదలుపెట్టిన 75 ఆటలూ తనే ముగించాడు. నీ పట్టికలో రిలీఫ్ (మధ్యలో వచ్చి బంతి వేసినవాళ్ల) అంకెలు అంత చిన్నవిగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన 1884 జులై దగ్గర మాత్రం ఆగాలి. 22న ప్రావిడెన్స్ జట్టు ఫిలడెల్ఫియా మీద ఆధిక్యంలో ఉంది. మేనేజర్ ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్ పిచర్ చార్లీ స్వీనీని రైట్ ఫీల్డ్‌కి వెళ్లమన్నాడు, అక్కడున్న సైక్లోన్ మిల్లర్‌కి బంతి ఇద్దామని. స్వీనీ ఒప్పుకోలేదు, ఏకంగా మైదానమే వదిలి వెళ్లిపోయాడు. బదులుగా ఇంకొకణ్ణి దించే వీల్లేదు. ఎనిమిది మందితోనే ఆడి ఓడిపోయారు. రూల్ అంటే ఏమిటో పాఠకుడికి ఈ ఒక్క ఘటనతో తెలిసిపోతుంది.

28న మళ్లీ ఫిలడెల్ఫియాతోనే ఆట. ఆటలో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో మిల్లర్ అయిదు వేసేసరికి జట్టు 3-4తో వెనకబడి ఉంది. ఆరో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కి వచ్చి నాలుగు పరుగులు చేశారు. అప్పుడు చార్లెస్ రాడ్‌బర్న్ బంతి అందుకుని మిగిలిన నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు. 11-4తో గెలిచారు. బేస్‌బాల్‌లో జట్టు గెలుపుని ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. బాగా వేసింది రాడ్‌బర్నేనని స్కోరర్ గెలుపు అతని ఖాతాలో రాశాడు. ఇప్పటి రూల్ ప్రకారమైతే ఆధిక్యం వచ్చేసరికి పిచర్ మిల్లరే కాబట్టి గెలుపు అతనిది, రాడ్‌బర్న్‌కి దక్కేది సేవ్. ఆ ఏడాది రాడ్‌బర్న్ గెలుపులు కొన్నిచోట్ల 60 అనీ, కొన్నిచోట్ల 59 అనీ కనిపించేది ఈ ఆట వల్లే.

నాకైతే ఆ స్కోరర్ తీర్పు సబబుగానే అనిపిస్తుంది, అప్పటికి అదే పద్ధతి. నువ్వు 60 అని రాసినా సరే, 59 అని రాసినా సరే, పక్కన మిల్లర్ పేరు రాయకుండా మాత్రం నాకు మళ్లీ పంపకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య